కాంటన్ అంటే ఏ ఊరు?

చైనా గురించి పాత ఇంగ్లీష్ పుస్తకాలు ఏవి తిరగేసినా కాంటన్ అన్న పేరు పదే పదే తగుల్తుంది, కానీ ఇప్పటి మ్యాప్‌లో వెతికితే చైనాలో ఆ పేరుతో ఊరే కనపడదు. అది ఇప్పటి గ్వాంగ్‌జౌ. హాంకాంగ్‌కి పైన, పెర్ల్ నది ఒడ్డున ఉన్న మహానగరం, గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌కి రాజధాని.

అసలు కాంటన్ అన్న మాట ఆ ఊరి పేరులోంచి వచ్చింది కాదు, ప్రావిన్స్ పేరులోంచి వచ్చింది. 16వ శతాబ్దంలో అక్కడికి ఓడల్లో వచ్చిన పోర్చుగీసు వాళ్ళు గ్వాంగ్‌డాంగ్‌ని తమ నోటికి తిరిగినట్టు మార్చి పలికారు, ఇంగ్లీషు వాళ్ళు అదే పట్టుకుని దాన్ని సిటీకి అంటగట్టేశారు. స్విట్జర్లాండ్‌లో జిల్లాల్లాంటి వాటిని కాంటన్ అంటారు కదా, దానికీ దీనికీ ఏ సంబంధం లేదు.

ఆ పేరు ప్రపంచమంతా పాకడానికి కారణం వ్యాపారం. 1757లో చైనాని ఏలుతున్న చింగ్ వంశపు చక్రవర్తి యూరప్ ఓడలు వచ్చేది ఈ ఒక్క రేవుకే అని కట్టడి పెట్టాడు, 1842లో బ్రిటన్‌తో నాన్‌కింగ్ ఒప్పందం జరిగేదాకా అదే నడిచింది. అంటే దాదాపు 85 ఏళ్ళు యూరప్ వాళ్ళు తాగిన టీ, కట్టిన పట్టు, వాడిన పింగాణీ చాలావరకు కాంటన్ మీదుగానే వచ్చాయి. విదేశీ వ్యాపారులు ఊరి గోడ లోపలికి వెళ్ళకూడదు, నది పక్కన పదమూడు ఫ్యాక్టరీలు అనే చోటే ఉండాలి, ఆడవాళ్ళని తీసుకురాకూడదు, సీజన్ అయిపోగానే మకావ్‌కి వెళ్ళిపోవాలి, కొనుడు అమ్ముడు అంతా సర్కారు అనుమతి ఉన్న హాంగ్ వ్యాపారుల ద్వారానే జరగాలి. ఫ్యాక్టరీ అంటే ఇక్కడ కారఖానా అనుకోవద్దు, 1611లో ఈస్ట్ ఇండియా కంపెనీ మన మచిలీపట్నంలో పెట్టుకున్న లాంటి వర్తక స్థావరం. ఇక మన దేశంలో పండించిన నల్లమందు కూడా ఈ రేవుకే చేరేది, దాని మీదే 1839లో బ్రిటన్‌కీ చైనాకీ యుద్ధం మొదలైంది. ఈ చరిత్ర చదువుతుంటే నాకు చాలా బాధేస్తుంది, ఇక్కడ రైతు చేత బలవంతాన పండించి అక్కడ జనాన్ని మత్తులో ముంచి మధ్యలో కంపెనీ లాభం చేసుకుంది.

1784లో మొదటి అమెరికా ఓడ కూడా కాంటన్‌కే వచ్చింది, తర్వాత అమెరికాలో చాలా ఊళ్ళకి ఈ పేరు పెట్టుకున్నారు. మిషిగన్‌లో మన తెలుగువాళ్ళు బాగా ఉండే కాంటన్ టౌన్‌షిప్ ఉంది చూశారా, అది 1834లో ఈ చైనా సిటీ పేరు మీద పెట్టిందే, పక్కనే నాన్‌కిన్ అనే టౌన్‌షిప్ కూడా ఉండేది. అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి.

చైనా 1958లో తన మాటల్ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే పిన్‌యిన్ అనే పద్ధతి తెచ్చుకుంది, 1979 నుంచి విదేశీ భాషల్లో వేసే తన ప్రచురణల్లో కూడా అదే వాడటం మొదలుపెట్టింది, దాంతో ఇంగ్లీష్ పేపర్లలో పెకింగ్ పోయి బీజింగ్, కాంటన్ పోయి గ్వాంగ్‌జౌ వచ్చాయి. నా వరకు ఇది న్యాయమే, ఒక ఊరిని ఆ ఊరివాళ్ళ దేశం రాసుకునే పేరుతో పిలవడంలో మనకి పోయేదేముంది. ఇవాళ్టి సిటీ గురించి రాస్తుంటే గ్వాంగ్‌జౌ అనే రాయండి. 1842 ముందు నాటి వ్యాపారం గురించైతే కాంటన్ అని రాసి ఒకసారి గ్వాంగ్‌జౌ అని చెప్తే చాలు, ఎందుకంటే అప్పటి కాగితాలన్నిట్లో ఆ పేరే ఉంటుంది, వెతికేవాళ్ళకి దొరకాలి కదా.

కాంటనీస్ అన్న మాటని మాత్రం పాతది అని తీసిపారేయకండి. అది కోట్ల మంది మాట్లాడే భాష, వాళ్ళే ఇంగ్లీష్‌లో తమ భాషని అలా చెప్పుకుంటారు. గ్వాంగ్‌జౌ ఎయిర్‌పోర్ట్ కోడ్ ఇప్పటికీ సీఏఎన్, మన విజయవాడ స్టేషన్ కోడ్‌లో బెజవాడ మిగిలిపోయి బీజెడ్ఏ అని ఉన్నట్టే. 1957లో మొదలైన ఎగుమతుల ప్రదర్శనకి అధికారిక పేరు వేరే ఉన్నా, ప్రపంచంలో ఏ దేశం వ్యాపారైనా దాన్ని కాంటన్ ఫెయిర్ అనే అంటాడు. ఇవన్నీ పాతవి మిగిలిపోయినవి అనుకుందాం, కానీ 2010లో అక్కడ 600 మీటర్ల టవర్ కట్టి తెరిచినప్పుడు ఇంగ్లీష్‌లో దానికి కొత్తగా, కావాలని పెట్టుకున్న పేరు కాంటన్ టవర్.