వీసా ఇప్పించిన బావ

జగిత్యాల దిక్కు ఊళ్ల నుంచి దోహాకు ఎవరి అండా లేకుండా వచ్చినవాడిని నేను చూడలేదు. ప్రతివాడి వెనకా బావో, చిన్నాయిన కొడుకో, పక్కింటాయనో ఉంటాడు. నాకు వీసా చెప్పింది మా బావ. ఏజెంటుకు కట్టిన పైసలు వడ్డీకి తెచ్చినవి. ఊళ్లో చెప్పిన జీతం ఒకటి, క్లీనింగ్ కంపెనీలో చేతికొచ్చింది ఇంకొకటి. ఆ ముచ్చట ఇంటికి చెప్పలేదు. చెబితే మాట బావ మీదికి పోతుంది, అక్క ఇంట్లో లొల్లి లేస్తుంది.

మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సోషియాలజిస్టు 1973లో ఒక పేరున్న వ్యాసం రాశాడు. బోస్టన్ పక్కన న్యూటన్‌లో ఉద్యోగం మారినవాళ్లను అడిగాడు. తెలిసినవాళ్ల ద్వారా పని దొరికినవాళ్లలో, ఆ మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. మిగతావాళ్లకు కబురు అందింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్ల నుంచి. మన దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది కదా, కొత్త కబురు బయటివాడే తేవాలి.

కబుర్లకైతే మాకు కొదవ లేదు. శుక్రవారం మాలాంటి కూలీలు కలిసే ఏషియన్ టౌన్‌ బజారుకు పోతే ఏ కంపెనీ ఓవర్‌టైం సరిగా ఇస్తుందో, ఏది జీతాలు ఆపిందో నేపాలీలు, మలయాళీలు అన్నీ చెబుతారు. వినీ ఏం లాభం? కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఎన్‌వోసీ (వేరే పనికి పోవడానికి అభ్యంతరం లేదనే కాగితం) ఇవ్వనిదే కాలు కదిలేది కాదు. గ్రానొవెటర్ అడిగినవాళ్లు ఆఫీసు ఉద్యోగులు, నచ్చకపోతే రాజీనామా పెట్టి పోగలిగినవాళ్లు. ఖతార్‌లో ఎన్‌వోసీ షరతు తీసేసింది 2020లో. తర్వాతి మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్లు. మా రూంలో ఒక కరీంనగర్ పిల్లగాడు సెక్యూరిటీ పనికి మారింది అప్పుడే. కబురు ఇచ్చింది బస్సులో పక్క సీటు నేపాలీ.

నాకు ఇంకా దగ్గరగా అనిపించింది మాత్రం సిసిలియా మెన్హీవార్ అనే ఇంకో సోషియాలజిస్టు పరిశోధన. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశం నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు చేరిన వలసదారుల మీద ఆమె పుస్తకం 2000లో వచ్చింది. ముందు వచ్చినవాడికే పని నిలకడ లేక, కాగితాలు లేక కష్టమైతే వెనక వచ్చిన చుట్టాన్ని ఏం ఆదుకుంటాడు? చుట్టరికాలు తెగేది మనుషులు చెడ్డవాళ్లయి కాదంటుంది ఆమె. బావ మీద నా కోపం చాలావరకు అక్కడ దిగింది. ఆయన బాకీ అప్పటికి నాకంటే ఎక్కువే.

ఇప్పుడు ఊరి నుంచి ఫోన్లు నాకొస్తున్నాయి.

"అన్నా, మీ కంపెనీలో వీసాలున్నాయా?"

ముందు నా జీతం స్లిప్పు ఫోటో పంపుతా. "చూసుకో తమ్మీ, ఓవర్‌టైం కలిపి ఇంతే" అంటా. మొన్న ఒకడు అది చూసి, "నేను రావుడు నీకు ఇష్టం లేదా అన్నా?" అన్నాడు.