ఏసీ హోరు వేరు, పక్క సీటు మాట వేరు: ఆఫీసుకు హెడ్‌ఫోన్ ఎంచుకునే ముందు

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ కొని ఆఫీసుకు తీసుకెళ్లినవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే చేసే ఫిర్యాదు ఒకటుంది. ఏసీ చప్పుడు మాయమైంది గానీ, పక్క సీటులో ఫోన్ మాట్లాడేవాళ్ల ప్రతి మాటా ఇదివరకటి కంటే స్పష్టంగా వినబడుతోందని. వస్తువు పాడవలేదు. అది పనిచేసే తీరే అంత. ఆ తీరు తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఇయర్‌కప్ మీద ఉన్న మైకు బయటి చప్పుడును పట్టుకుంటుంది. లోపలి చిప్ దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తయారుచేసి స్పీకర్ ద్వారా చెవిలోకి వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇది కుదరాలంటే రెండు తరంగాలూ వేళకు కలవాలి. 100 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు వంద కంపనాలున్న హోరు తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. అంత పొడవైన తరంగంలో చిన్న ఆలస్యం లెక్కలోకి రాదు. 4,000 హెర్ట్జ్ దగ్గర ఆ పొడవు 8.5 సెంటీమీటర్లే, అక్కడ రవ్వంత ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. అందుకే ఈ యాక్టివ్ నాయిస్ క్యాన్సిలింగ్ (పొట్టిగా ఏఎన్‌సీ) బలమంతా సుమారు 1,000 హెర్ట్జ్ లోపే. బోస్ సంస్థ 1989లో మార్కెట్లోకి తెచ్చిన తొలి ఏఎన్‌సీ హెడ్‌సెట్ పైలట్ల కోసం చేసినది. ఇంజిన్ హోరు ఆగకుండా ఒకే తీరుగా సాగుతుంది కనుక అక్కడ అది చక్కగా అమరింది.

మనిషి మాట అలా ఉండదు. గొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 255 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, దాన్ని ఏఎన్‌సీ బాగానే తగ్గిస్తుంది. కానీ క, త, ప, స లాంటి హల్లులను విడదీసి గుర్తుపట్టించే ధ్వని ఎక్కువగా 1,000 హెర్ట్జ్ పైన, ముఖ్యంగా 2,000 నుంచి 4,000 మధ్య, స, శ అయితే ఇంకా పైన ఉంటుంది. అంటే మాటకు అర్థాన్నిచ్చే భాగమే మిగిలిపోతుంది. పైగా ఇంతసేపూ ఆ మాటను కాస్త కప్పిపెట్టిన ఏసీ హోరు పోయింది. ఏకాగ్రతను దెబ్బతీసేది చప్పుడు పరిమాణం కంటే అర్థమయ్యే మాట. చదువుతున్నప్పుడో రాస్తున్నప్పుడో చెవిన పడిన వాక్యాన్ని మెదడు వద్దన్నా విడమర్చుకుంటుంది.

కాబట్టి ఆఫీసు కోసమైతే మొదట చూడాల్సింది ఏఎన్‌సీ కాదు, ఆ పరికరం చెవిని ఎంత గట్టిగా మూస్తోందన్నది. హల్లులను ఆపేది చిప్ కాదు, కుషన్, కప్ గోడ, ఇయర్‌టిప్. పెట్టె మీద రాసే “40 డెసిబెల్ తగ్గింపు” లాంటి అంకె సాధారణంగా ఏదో ఒక తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠం. మాటలకు అది వర్తించదు. కొలిచి గ్రాఫ్ ఇచ్చే సమీక్ష దొరికితే ఎడమవైపు, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గరి లోతైన గుంటను వదిలేసి 500 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య గీత ఎంత కిందుందో చూడండి. 10 డెసిబెల్ తగ్గితే చెవికి దాదాపు సగం శబ్దంగా అనిపిస్తుంది.

ఈ లెక్కన చెవిలోకి దిగే ఇయర్‌బడ్స్ చాలామంది అనుకునేదాని కంటే మెరుగు. సరైన కొలత టిప్ కాలువను మూసేస్తే పై ఫ్రీక్వెన్సీలు గట్టిగా తగ్గుతాయి. నురగ టిప్స్ అయితే సిలికాన్ కంటే బాగా మూస్తాయి. వేళ్లతో నొక్కి సన్నగా చేసి, చెవిదొప్పను పైకీ వెనక్కీ లాగి దూర్చి, అది ఉబ్బేదాకా 20–30 సెకన్లు పట్టుకోవాలి. పెట్టెలో బిగించి వచ్చిన మధ్య సైజుతోనే ఊరుకోకండి. రెండు చెవులకు రెండు సైజులు పట్టడం మామూలే. టిప్ లేకుండా చెవి అంచున ఆనుకునే రకాన్ని మాత్రం, ఏఎన్‌సీ ఉందని రాసినా, మాటల గోల ఉన్న ఆఫీసుకు నేను సిఫారసు చేయను. ఇయర్‌బడ్స్ ఇబ్బంది బ్యాటరీ. ఒక్క చార్జికి చాలా మోడళ్లు 5 నుంచి 8 గంటలు ఇస్తాయి. రోజంతా వాడాలంటే భోజనం వేళ చార్జింగ్ పెట్టెలో పెట్టాల్సిందే.

చెవిని చుట్టే పెద్ద హెడ్‌ఫోన్‌లో చూసుకోవాల్సింది కుషన్ లోపలి గుంట. చెవిదొప్ప మొత్తం అందులో పట్టాలి, ఎక్కడా నొక్కుకోకూడదు. 250 గ్రాముల చుట్టూ ఉన్నవి రోజంతా మోయగలం. 350 దాటితే సాయంత్రానికి నడినెత్తి నొప్పెట్టవచ్చు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు ఇంకో చిక్కు: కాడ దగ్గర కుషన్ లేచి సన్నని సందు ఏర్పడుతుంది. ఆ సందులోంచి ముందుగా పోయేది తక్కువ ఫ్రీక్వెన్సీ, అంటే ఏఎన్‌సీ సాధించిన లాభమే. మెత్తగా, మందంగా ఉన్న కుషన్, సన్నని కాడలున్న కళ్లజోడు ఈ నష్టాన్ని చాలావరకు తగ్గిస్తాయి. ఎలా కూర్చుందో తెలుసుకోవడం తేలికే. బేస్ ఎక్కువున్న పాట పెట్టి రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే సందు ఉన్నట్టు.

కొనేముందు పరీక్ష పాట పెట్టి చేయకండి. ఏదీ మోగనివ్వకుండా ఏఎన్‌సీ మాత్రమే ఆన్ చేసి, మీటరు దూరంలో ఎవరినైనా మామూలు గొంతుతో పుస్తకం చదవమనండి. ఎన్ని మాటలు పట్టుకోగలిగారో చూడండి. తర్వాత ఏఎన్‌సీ ఆపి మళ్లీ వినండి. రెండింటికీ మాట స్పష్టతలో తేడా తక్కువే ఉంటే ఆశ్చర్యపోవద్దు. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు అసలు తేడా బయటపడేది ఏఎన్‌సీ ఆపినప్పుడే.

ఎంత మంచిది కొన్నా మాట కొంత మిగులుతుంది. దాన్ని కప్పడానికి మరో ధ్వని కావాలి. పాట కంటే, అందులోనూ సాహిత్యమున్న పాట కంటే, వాన చప్పుడు గానీ పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి ఎడతెగకుండా సాగే హోరు) గానీ బాగా పనిచేస్తాయి. అలాంటిదే ఇంకాస్త గంభీరంగా ఉండే బ్రౌన్ నాయిస్ వినడానికి హాయిగా ఉంటుంది గానీ అందులో పై ఫ్రీక్వెన్సీలు తక్కువ కాబట్టి హల్లులను అంతగా కప్పదు. వాల్యూమ్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, పక్క మాట వినబడుతున్నా అర్థం కాని చోట ఆపేయండి. అంతకుమించి అక్కర్లేదు. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్. ఆఫీసు వారమే దాదాపు అంత ఉంటుంది కాబట్టి ఈ విషయంలో నిర్లక్ష్యం తగదు. చెవిని బాగా మూసే హెడ్‌ఫోన్ వల్ల అన్నిటికంటే పెద్ద మేలు కూడా ఇదే: తక్కువ వాల్యూమ్‌తో పని జరిగిపోతుంది.

ఇక కాల్స్. ఇక్కడే ఎక్కువమంది తప్పు వస్తువు కొంటారు. ఏఎన్‌సీ మీ చెవి కోసం. మీ చుట్టూ ఉన్న గోల అవతలివాళ్లకు వెళ్లకుండా చూసేది మైకులో ఉన్న వేరే ఏర్పాటు. ఒకటి బాగుంటే రెండోదీ బాగుంటుందనే హామీ లేదు. మైకు నోటికి ఎంత దగ్గరగా ఉందన్నదే ఇందులో కీలకం. కప్పు మీది మైకు నోటికి సుమారు 12 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, నోటి పక్కకు వచ్చే కాడ మైకు 3 సెంటీమీటర్లలో ఉంటుంది. దూరం నాలుగో వంతైతే మీ గొంతు 12 డెసిబెల్ ఎక్కువగా అందుతుంది, గది గోల మాత్రం అంతే ఉంటుంది. రోజుకు రెండు మూడు గంటలు కాల్స్‌లో గడిపేవాళ్లు కాడ మైకున్న ఆఫీసు హెడ్‌సెట్టే తీసుకోవాలి. మైకును పెదాలకు ఎదురుగా కాకుండా నోటి మూలకు పక్కగా పెట్టుకుంటే ఊపిరి తగలదు.

కాల్ మొదలవగానే ధ్వని పాత టెలిఫోన్‌లా మారిపోవడం ఇంకో సాధారణ సమస్య. బ్లూటూత్‌లో పాటలకు ఏ2డీపీ అనే ఒకవైపు స్టీరియో దారి, కాల్స్‌కు హెచ్‌ఎఫ్‌పీ అనే రెండువైపుల మోనో దారి ఉన్నాయి. హెడ్‌ఫోన్ మైకు ఆన్ కాగానే కంప్యూటర్ రెండో దారికి మారుతుంది. అందులో శాంప్లింగ్, అంటే సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారన్నది, సాధారణంగా 8,000 లేదా 16,000 హెర్ట్జే, అందుకే ఆ పాత టెలిఫోన్ ధ్వని. మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లో స్పీకర్‌గా హెడ్‌ఫోన్, మైకుగా ల్యాప్‌టాప్‌దో విడి యూఎస్‌బీ మైకో ఎంచుకుంటే స్టీరియో నిలుస్తుంది. అయితే ల్యాప్‌టాప్ మైకు అర మీటరు దూరంలో ఉంటుంది, పక్కవాళ్ల గొంతు కూడా అందులో పడుతుంది. వినేదే ఎక్కువైన మీటింగ్‌లకు ఇది సరిపోతుంది, మీరే మాట్లాడాల్సిన వాటికి కాదు. హెడ్‌సెట్, యాప్ రెండూ గోలను వడపోస్తుంటే మాటల మొదటి అక్షరాలు తెగిపోవచ్చు. అప్పుడు యాప్ వడపోతను తక్కువలో పెట్టండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మల్టీపాయింట్ ఉంటే ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ ఒకేసారి కలపవచ్చు, ఆఫీసులో ఇది తప్పనిసరి. సైడ్‌టోన్ ఉంటే మీ గొంతు మీకు వినబడి, తెలియకుండా అరవడం తగ్గుతుంది. టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా కప్పుకు తగిలితే బయటి మైకు ఆ గాలిని చప్పుడనుకుని గుడగుడమనిపిస్తుంది. ఫ్యాన్ దిశ మార్చితే చాలు. కొందరికి ఏఎన్‌సీ ఆన్ చేయగానే చెవుల్లో ఒత్తిడి అనిపిస్తుంది. నిజంగా గాలి ఒత్తిడి ఏమీ మారదు, తక్కువ ఫ్రీక్వెన్సీలు ఒక్కసారిగా పోవడంతో కలిగే భావన అది. స్థాయిని తగ్గించుకునే వీలున్న మోడల్ అయితే తేలిగ్గా సర్దుకోవచ్చు.

ఏడాదో రెండేళ్లో వాడాక “ఏఎన్‌సీ బలహీనపడింది” అనిపిస్తే ముందు కుషన్లు చూడండి. పైపొర పెచ్చులూడినా, లోపలి నురగ అణిగిపోయినా సందు ఏర్పడుతుంది. ఇయర్‌బడ్స్ అయితే టిప్ లోపలి జాలీకి గులిమి పట్టిందేమో చూసి పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. విడి కుషన్లు అమ్మని మోడల్‌ను మొదట్లోనే పక్కన పెట్టేయడం మంచిది. బయటి తయారీవి వేస్తే మందం, లోపలి గుంట కొలత మారి, ఏఎన్‌సీ సర్దుబాటు అసలుదానితో సరిపోక పనితీరు తగ్గవచ్చు.

ఇంత చేసినా పక్క మాటలు ఆగకపోతే, నురగ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని వాటి మీద ఏఎన్‌సీ హెడ్‌ఫోన్ వేసుకోండి. ప్లగ్ హల్లులను ఆపుతుంది, హెడ్‌ఫోన్ హోరును ఆపుతుంది. వాన చప్పుడు వాల్యూమ్‌ను కాస్త పెంచాల్సి వస్తుంది గానీ, ప్లగ్ దాన్నీ తగ్గించే పంపుతుంది కాబట్టి చెవికి చేరేది తక్కువే.