గడియారాల వాళ్ళు చేసిన గాలం రీళ్ళు

బాలానగర్‌లో టూల్‌రూమ్ పని చేసి రిటైరైనవాణ్ణి. గేరు పళ్ళు కోయడం, వాటి మధ్య ప్లే, అంటే వదులు, చూడడం, చప్పుడు విని ఎక్కడ అరిగిందో చెప్పడం, బతుకంతా అదే పని. గాలం కర్రకి బిగించి దారం చుట్టుకునే పాత స్పిన్నింగ్ రీళ్ళ పిచ్చి నాకు పట్టింది ఆ దారినే, చేపల దారిన కాదు. కొర్రమీను పులుసంటే ఇష్టమే. కానీ దానికి రాంనగర్ మార్కెట్‌కి పోతే పని తొందరగా తెములుతుంది. సింగూరు గట్టు మీద పొద్దంతా ఎండలో నిలబడక్కర్లేదు.

రీలు పక్క మూత విప్పినప్పుడు చూడాలి. ఇప్పటి రీలు విప్పితే లోపల ప్లాస్టిక్ ముక్కలు, షిమ్‌లనే పల్చటి సర్దుబాటు రేకులు, ఏది ఎక్కడిదో ఫొటో తీసుకోకపోతే మళ్ళీ బిగించలేం. 1950లు, 60ల రీలు అలా కాదు. మూడు నాలుగు స్క్రూలు తీస్తే చాలు, చేసినవాడు ఏం ఆలోచించాడో మొత్తం కళ్ళ ముందుంటుంది. ఇది విప్పుతారనీ, విప్పాలనీ అనుకుని చేసిన వస్తువు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. స్పిన్నింగ్ రీలులో దారం చుట్టిన స్పూలు తిరగదు. గాలం విసిరినప్పుడు దారం స్పూలు కొస మీంచి చుట్లు చుట్లుగా జారి పోతుంది, అంతే. మా అమ్మమ్మ వాళ్ళది పోచంపల్లి. మగ్గం మీద నాడె అటూ ఇటూ పరిగెత్తేటప్పుడు అందులోని కండె కదలదు, నూలు దాని కొస మీంచే జారుతుంది. చిన్నప్పుడు గుంట పక్కన కూర్చుని చూసిందే ఇది. 1905లో ఈ పద్ధతి రీలుకి పేటెంటు తీసుకున్న ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ కూడా బట్టల మిల్లుల ఆసామే. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ ఊరు, ఉన్ని మిల్లులు. కండె మీంచి నూలు జారడం చూసే ఆయనకి ఆలోచన తట్టిందంటారు. పోచంపల్లిలో ఎవరికీ తట్టలేదేమని అడగకండి, మా వాళ్ళకి చీర పూర్తి చేసే తొందర.

అంతకుముందు రీళ్ళలో విసిరిన ప్రతిసారీ డ్రమ్ము తిరగాలి. తేలిక గాలానికి దాన్ని తిప్పే శక్తి ఉండదు. బరువైన గాలమైతే తిప్పుతుంది గానీ, గాలం నీళ్ళలో పడ్డాక కూడా డ్రమ్ము ఆగదు. బొటనవేలితో ఆపకపోతే దారమంతా చిక్కుపడి కూర్చుంటుంది. స్పూలే తిరగనప్పుడు ఈ బాధ లేదు. అయితే సిల్కు దారాలున్నంత కాలం దీని సత్తా పూర్తిగా బయటపడలేదు. 1938లో డ్యూపాంట్ నైలాన్‌ని ప్రకటించింది, యుద్ధం అయ్యాక నైలాన్ దారం చవగ్గా దొరికింది. అప్పుడు ఈ రీలు లోకమంతా పాకింది.

విసరడం సరే, మళ్ళీ చుట్టాలి కదా. హ్యాండిల్ తిప్పితే పెద్ద గేరు తిరుగుతుంది, అది పినియన్ని, అంటే చిన్న గేరుని, తిప్పుతుంది. పినియన్ లోపల బోలు. దాని ముందు కొసకి రోటర్ బిగించి ఉంటుంది, రోటర్ మీద ఉన్న తీగ చెయ్యి, అంటే బెయిల్, దారాన్ని పట్టుకుని స్పూలు చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. ఆ బోలులోంచే మెయిన్ షాఫ్ట్ పోతుంది, దాని కొసన స్పూలు. బయటిది తిరుగుతుంటే లోపలిది తిరగకుండా ముందుకీ వెనక్కీ మాత్రం నడవాలి. లేకపోతే దారమంతా ఒకేచోట గుట్ట పడుతుంది.

నా దృష్టిలో రీలు చేసినవాడి పనితనం తేలేది ఇక్కడే. చవక రీలులో ఒక గేరు మీద చిన్న పిన్ను పెడతారు, అది ఒక గాడిలో ఆడుతూ షాఫ్టుని ముందుకీ వెనక్కీ నెడుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ పిన్ను వృత్తంలో తిరుగుతుంది కాబట్టి మధ్యలో స్పూలు జోరుగా పోయి, రెండు కొసల దగ్గర నెమ్మదిస్తుంది. నెమ్మదించిన చోట దారం ఎక్కువ పడుతుంది. కొసల్లో ఉబ్బి, నడుము సన్నబడ్డ స్పూలు నుంచి దారం సాఫీగా జారదు, విసురు కురచబడుతుంది. ఫ్రాన్సులో క్లూజ్ ఊరి కార్పానో ఎ పోన్స్ వాళ్ళు చేసిన మిచెల్ 300 తీసుకోండి. 1960ల నుంచి వచ్చినవాటి మీద ప్లానామాటిక్ అని రాసి ఉంటుంది. సూర్యుడి చుట్టూ గ్రహంలా ఒక గేరు ఇంకో గేరు చుట్టూ తిరిగే ఏర్పాటు అది. దానివల్ల చుట్టు మీద చుట్టు అడ్డంగా పడుతుంది, లాగినప్పుడు పై వరుస కింది వరుసల్లోకి కూరుకుపోదు. దారం చుట్టడానికి ఇంత హంగామానా అనిపించొచ్చు. క్లూజ్ ఉన్న లోయ తరాలుగా గడియారాల ముక్కలు చేసుకు బతికిన లోయ. గ్రహాల గేరు వాళ్ళకి కొత్తేం కాదు.

స్వీడన్ సంగతీ అంతే. స్వాంగ్‌స్టాలో 1921లో మొదలైన ఆబు కంపెనీ మొదట చేసింది జేబు గడియారాలు, ఆ తర్వాత టాక్సీ మీటర్లు. యుద్ధంలో పెట్రోలు దొరక్క టాక్సీలు ఆగిపోతే రీళ్ళకి మళ్ళింది. వాళ్ళ కార్డినల్ 3, 4 అంటే నాకు వల్లమాలిన అభిమానం. అందులో వార్మ్ గేరు, అంటే స్క్రూ మరలా మెలిక తిరిగిన పళ్ళ గేరు. హ్యాండిల్ షాఫ్టు, రోటర్ షాఫ్టు ఒకదాన్నొకటి కలవకుండా అడ్డంగా దాటుకుంటాయి. పళ్ళు పన్నుకి పన్ను తగిలి విడిపోవు, ఒకదాని మీద ఒకటి జారుతూ పోతాయి. అందుకే తిప్పుతుంటే కరకరమనదు. చేతికి తెలిసేది బరువు ఒక్కటే. దీనికో వెల ఉంది: జారుడంటే రాపిడి, రాపిడంటే మన చేతి బలంలో కొంత అక్కడే ఖర్చు. గ్రీజు ఎండిందంటే ముందు చచ్చేది వార్మే. ఇప్పటి డబ్బాల మీద పది బేరింగులనీ పన్నెండు బేరింగులనీ వేస్తారు. ఆ రోజుల్లో చాలావాటికి ఒకటో రెండో. పళ్ళు సరిగ్గా కోస్తే అంతకంటే అక్కర్లేదని వాళ్ళు లెక్క వేసుకున్నారు. నా ఓటు వాళ్ళకే.

మా బావమరిది ఓటు నాకు పడదు. వాడే నన్ను సింగూరు తీసుకెళ్ళేది, కొత్త జపాన్ రీలు వాడిది. "ఏంది బావా, ఇంకా గా పాత డబ్బానే తిప్పుతున్నవా?" అంటాడు. నిజానికి చేప పట్టడం వరకైతే వాడిదే రైటు. పాత రీలు బరువు. స్పూలుకి కింద స్కర్టు, అంటే రోటర్ మీదికి దిగే అంచు, ఉండదు కాబట్టి గాలి తోలినప్పుడు దారం స్పూలు వెనక్కి పోయి షాఫ్టుకి చుట్టుకుంటుంది, అప్పుడు బూతులే. ఇప్పటి అల్లిక దారం వేస్తే బెయిల్ దగ్గర దారం జారే మెత్తటి రోలరు మీద గాట్లు పడతాయి. హ్యాండిల్ వెనక్కి కూడా ఇంత ఆడి, ఆ తర్వాత ఆగుతుంది. లోపల పావల్ అనే అడ్డుకొక్కెం తర్వాతి పన్ను దాకా పోయి పట్టుకోవాలి కాబట్టి. కొర్రమీను కప్పని మింగి నాచులోకి దూకినప్పుడు ఆ కాస్త ఆట కూడా చేతికి దెబ్బలా తగులుతుంది.

కానీ ఒక విషయంలో కొత్త రీలున్నా వాడు తప్పే చేస్తాడు. పెద్ద చేప లాగుతూ డ్రాగ్ జారుతుంటే, కంగారులో హ్యాండిల్ తిప్పుతూనే ఉంటాడు. "ఆపు రా, తిప్పకు! రాడ్ లేపు!" అని నేను అరవాలి. డ్రాగ్ అంటే, చాలా రీళ్ళలో, స్పూలులో పేర్చిన వాషర్లు. ఒకటి షాఫ్టుకి కట్టుబడి ఉంటే, దాని పక్కది స్పూలుకి, మధ్యలో ఫెల్టో తోలో టెఫ్లానో. లాగుడు ఎక్కువైతే అవి జారి, తిరగని స్పూలు కాస్తా తిరుగుతుంది, దారం తెగదు. ఆ టైములో హ్యాండిల్ తిప్పితే దారం లోపలికి రాదు, రోటర్ మాత్రం తిరిగి దారానికి పురి ఎక్కిస్తుంది. హ్యాండిల్ ఒక చుట్టుకి రోటర్ నాలుగు చుట్లు తిరిగే రీలైతే నాలుగు పురులు. ఒక పెద్ద చేపతో పోరాడాక వాడి దారం వదిలేస్తే ముడుచుకుపోయేది అందుకే. రాడ్ లేపి చేపని దగ్గరికి తేవాలి, దించేటప్పుడు తిప్పాలి. రీలు పాతదైనా కొత్తదైనా ఇంతే.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఎప్పుడైనా పాత రీలు కనబడితే, తుప్పు చూసి వెనక్కి పోకండి, మెరుపు చూసి ముందుకీ పోకండి. రంగు పోవడం లెక్కలోకి రాదు. హ్యాండిల్ మెల్లగా తిప్పండి. బరువుగా, జిగటగా తిరిగితే సంతోషించండి, గ్రీజు గట్టిపడింది, అంతే. కిరోసిన్‌లో బ్రష్షుతో కడిగి, పల్చటి లిథియం గ్రీజు గేర్లకి, కుట్టు మిషన్ నూనె రోలరుకీ షాఫ్టుకీ పెడితే దారికొస్తుంది. ప్రతి చుట్టులో ఒకే చోట టక్కుమంటే పన్ను విరిగినట్టు. బెయిల్ తెరిచి హ్యాండిల్ తిప్పండి, టప్పున మూసుకోవాలి. మూసుకోకపోతే స్ప్రింగు పోయింది, అది ఈ జాతికి మామూలు జబ్బు. రాణీగంజ్‌లో పియానో వైరు కొని నేనే చుట్టుకుంటాను. చివరగా డ్రాగ్ నాబ్ విప్పండి. ఏళ్ళ తరబడి బిగించి పడేసి ఉంటే ఫెల్టు అప్పడమై ఉంటుంది, కొత్తది కత్తిరించుకోవడం అయిదు నిమిషాల పని. ఇంటికి తెచ్చాక మాత్రం వాడనప్పుడు డ్రాగ్ వదులుగా ఉంచండి.

వార్మ్ అరిగిపోతే అక్కడే వదిలేసి రండి. కొత్తది కోసిపెట్టమని నాకు ఫోన్ చేసేవాళ్ళున్నారు. కట్టర్ ఖర్చే రీలు ధర దాటుతుందయ్యా.