మెడ మీద పదకొండు చుక్కలు

ఈ ఉదయం అద్దంలో చూసుకుంటే, మెడ పక్కన తెల్లమచ్చ మధ్యలో గోధుమరంగు చుక్కలు కనిపించాయి. నువ్వుగింజంత ఉన్నాయి, ఒక్కో వెంట్రుక మొదట్లో ఒక్కోటి. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

బొల్లికి లైట్ థెరపీ మొదలుపెట్టి ఇది ఐదో నెల. వారానికి మూడుసార్లు కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని 311 నానోమీటర్ల యూవీబీ అనే అతినీలలోహిత కాంతి ముందు నిలబడాలి. రాత్రికి టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్. రెండూ ఎందుకని మొదట్లో విసుక్కునేదాన్ని. రంగునిచ్చే కణాల మీద మన రోగనిరోధక శక్తే దాడి చేస్తుంది. మందు ఆ దాడిని తగ్గిస్తే, కాంతి వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన కణాలను నిద్రలేపుతుంది. డాక్టరుగారు ఇలా విడమరిచి చెప్పాకే మనసు కుదుటపడింది.

వేళ్ల చివర్లు మాత్రం అలాగే ఉన్నాయి. అక్కడ వెంట్రుకలు ఉండవు కదా, రంగు రావడం కష్టమే. మూడో నెలలో మానేద్దామనుకున్నాను కూడా. "ఇంకొన్నాళ్లు చూడమ్మా" అంది అమ్మ. ఇది అంటుకునే జబ్బు కాదని తెలిసీ నాతో చెయ్యి కలపనివాళ్లున్నారు, ఆ బాధ వేరే.

సాయంత్రం అమ్మకి చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని, వేలితో తడుముతూ ఒక్కోటే లెక్కపెట్టింది. పదకొండు.