గ్రూప్-డి జనరల్ సైన్స్: పిల్లల ప్రశ్నలతో సాగిన నా ప్రిపరేషన్

రైల్వే గ్రూప్-డి కంప్యూటర్ ఆధారిత పరీక్షలోని 100 ప్రశ్నల్లో 25 జనరల్ సైన్స్ నుంచి వస్తాయి. అవి పదో తరగతి స్థాయిని దాటని ప్రశ్నలే అయినా, ఇంటర్‌లో సీఈసీ చదివి బీకామ్ పూర్తిచేసిన నాలాంటి వారు ఈ విభాగాన్ని చూసి జంకడం మామూలే. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత ఉంటుంది కనుక అదృష్టాన్ని నమ్ముకొని గుర్తించడం కూడా లాభసాటి కాదు. చెన్నై వడపళనిలో అద్దెగదిలో ఉంటూ, పగలంతా ఒక దుకాణంలో లెక్కలు రాస్తూ నేను ఈ విభాగానికి ఎలా సిద్ధమయ్యానో, అదే పరిస్థితిలో ఉన్న అభ్యర్థుల కోసం రాస్తున్నాను.

మా పక్క వాటాలో కర్నూలు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. సాయంత్రాలు వారి పిల్లలిద్దరికీ హోంవర్కులో సాయం చేసేవాణ్ణి. పరీక్ష గొడవ లేని పిల్లలు అడిగే ప్రశ్నలకు బిట్‌బ్యాంకులోని ఒక్క వాక్యం చాలదని మొదటి వేసవిలోనే అర్థమైంది. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకనాడు, "అన్నయ్యా, మా తాతయ్యవాళ్ల ఇంట్లో కుండనీళ్లు జిల్లుమంటాయి. ఇక్కడ కూడా కుండే కదా, ఎందుకు అంత చల్లబడవు?" అని అడిగింది. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి ఊరి ఆవిరవుతుందని, అలా ఆవిరయ్యే ఒక్కొక్క గ్రాము నీరు దాదాపు 580 కేలరీల వేడిని ఎక్కువగా కుండనుంచీ మిగిలిన నీటినుంచీ తీసుకుంటుందని చెప్పాను. ఆమె అంతా విని, "అది అక్కడి సంగతి, మరి ఇక్కడో?" అంది.

బిట్‌బ్యాంకు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. చెన్నై గాలిలో సముద్రం వల్ల తేమ ఎక్కువ. గాలి ముందే తేమతో నిండి ఉన్నప్పుడు కుండమీది నీరు త్వరగా ఆవిరి కాలేదు, కాబట్టి లోపలి నీటిలోని వేడీ అంతగా బయటికి పోదు. ఇక్కడ ఎయిర్ కూలర్ పెద్దగా పనిచేయకపోవడానికీ, ఒంటిమీది చెమట ఆరకపోవడానికీ కారణం ఇదే. ఫ్యాను కింద కూర్చుంటే హాయిగా ఉండటానికి ముఖ్య కారణం, చర్మాన్ని అంటుకొని ఉన్న తేమగాలిని అది పక్కకు నెట్టి చెమట ఆరనివ్వడం. సాసరులో పోసిన టీ త్వరగా చల్లారడం ఉపరితల వైశాల్యానికి ఉదాహరణ. ఉష్ణోగ్రత, వైశాల్యం, గాలి వేగం, ఆర్ద్రత (గాలిలోని తేమ) అనే నాలుగు కారకాలూ ఆ ఒక్క కుండ ప్రశ్నలోనే వచ్చేశాయి. బాష్పీభవనం మీద పరీక్షలో ఏ వైపునుంచి అడిగినా ఈ నాలుగింటి చుట్టే తిరుగుతారు.

గుప్తోష్ణం, అంటే ఉష్ణోగ్రత పెరగకుండానే పదార్థం కరగడానికో ఆవిరవడానికో పట్టే వేడి, విషయంలో నాకు ఈ నగరమే పాఠం చెప్పింది. మెరీనా ఎదుట ఇప్పుడు వివేకానందర్ ఇల్లంగా పిలుస్తున్న భవనం, 1842లో అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచును దాచడానికి కట్టిన ఐస్‌హౌస్. నెలల తరబడి ప్రయాణంలో మంచు ఎలా నిలిచిందన్న ప్రశ్నకు జవాబులు రెండు. మంచు చుట్టూ నింపిన రంపపు పొట్టులో చిక్కుకున్న గాలి ఉష్ణ బంధకంగా పనిచేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, 0 డిగ్రీల మంచు ఒక గ్రాము కరగడానికి 80 కేలరీలు కావాలి. అంత వేడితో 0 డిగ్రీల నీటిని 80 డిగ్రీలకు తీసుకురావచ్చు. 0 డిగ్రీల నీటికంటే 0 డిగ్రీల మంచు ఎందుకు ఎక్కువ చల్లబరుస్తుందన్న ప్రశ్న తరచూ కనిపిస్తుంది. ఈ లెక్క తెలిసిన వారికి అది ఉచితంగా వచ్చే మార్కు.

కాంతి అధ్యాయంలో సర్ సి.వి. రామన్‌ను జనరల్ నాలెడ్జ్ కోసం ఒకసారి, భౌతికశాస్త్రం కోసం మరోసారి విడివిడిగా చదవడం దండగ. ఆయన చదివిన ప్రెసిడెన్సీ కళాశాల మెరీనా ఎదుటే ఉంది. సముద్రపు నీలం కేవలం ఆకాశపు ప్రతిబింబమన్న వివరణను 1921 నాటి ఓడ ప్రయాణంలో ఆయన పరీక్షించి, నీటి అణువులే కాంతిని పరిక్షేపణం చేస్తాయని, అంటే అన్ని వైపులకూ చెదరగొడతాయని చూపారు. ఆ దారిలోనే 1928 ఫిబ్రవరి 28 నాటి రామన్ ఫలితం, 1930 నోబెల్ బహుమతి వచ్చాయి. నీరు ఎరుపును ఎక్కువగా శోషించుకోవడం కూడా సముద్రపు నీలానికి ఒక కారణమని కలిపి గుర్తుంచుకోండి.

రసాయన శాస్త్రంలో మాత్రం బట్టీ తప్పదు. జిప్సం, బ్లీచింగ్ పౌడర్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పేర్లకు తర్కం వెతకడం కాలయాపన. అయినా వంటింటి సాయంతో కొన్ని జతలు నిలుస్తాయి. వంటసోడా అంటే సోడియం బైకార్బనేట్, బట్టల సోడా అంటే సోడియం కార్బనేట్. ఈ రెండింటినీ తారుమారు చేసేవారు చాలామంది. బజ్జీల పిండిలో వంటసోడా ఎక్కువైతే, వేడికి అది కార్బన్ డయాక్సైడ్‌ను, నీటిని వదిలి సోడియం కార్బనేట్‌గా మారి సబ్బులాంటి చేదునిస్తుంది. బేకింగ్ పౌడర్‌లో టార్టారిక్ ఆమ్లం ఉండటం ఆ క్షారాన్ని తటస్థం చేయడానికే. ఇక తుప్పుకు ఆక్సిజన్, నీరు రెండూ కావాలి. బీసెంట్ నగర్ ఇళ్ల గేట్లు త్వరగా పాడవడానికి కారణమైన ఉప్పు ఆ చర్యను వేగవంతం చేస్తుందే తప్ప తుప్పుకు అత్యవసరం కాదు. ప్రకటన, కారణం తరహా ప్రశ్నల్లో ఈ తేడా మీదే మెలిక పెడతారు.

పుస్తకాలుగా ఎనిమిది నుంచి పది వరకు పాఠ్యపుస్తకాలే చాలు. ఆదివారాలు కొట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో కూర్చొని, వారమంతా పిల్లలకు చెప్పలేక తడబడిన చోట్లను మళ్లీ చదివేవాణ్ణి. తెలుగులో పరీక్ష రాసేవారు ఇంగ్లిష్ పదాలనూ పక్కన రాసుకోవడం మంచిది, ఎందుకంటే అనువాదం కొన్నిసార్లు విచిత్రంగా ఉంటుంది.

విద్యుత్తు లెక్కలకు ఇంటి కరెంటు బిల్లును మించిన అభ్యాసం లేదు. చెన్నైలో అది రెండు నెలలకోసారి వస్తుంది. యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్లు. 60 వాట్ల ఫ్యాను రోజుకు 10 గంటల చొప్పున 30 రోజులు తిరిగితే అయ్యేది 18 యూనిట్లు. ఈ లెక్క ఇచ్చినప్పుడు, వాట్లను కిలోవాట్లుగా మార్చడం మరిచేవారి కోసం ఐచ్ఛికాల్లో 18,000 కూడా సిద్ధంగా ఉంటుంది.