డెక్ మూత కింద కుళ్ళిన కట్టె

పడవలో కట్టె పాడయిందంటే సముద్రపు ఉప్పునీళ్ళే తిన్నాయని చాలామంది అనుకుంటారు. మాది పరకాల దగ్గర పల్లె, మా నాయినది వడ్లపని, అంటే వడ్రంగం. దుబాయ్ దగ్గరి అజ్మాన్‌లో పాత పడవలు బాగుచేసే యార్డులో పని దొరికిందని చెప్పినప్పుడు ఆయన కూడా అదే అన్నాడు. నిజానికి కట్టెను కుళ్ళబెట్టే బూజు ఉప్పులో సరిగా పెరగదు. దానికి మంచినీళ్ళు కావాలి. గల్ఫ్‌లో వానలు తక్కువే కానీ, ఉప్పూ దుమ్మూ పోవాలని పడవలను పైపు పెట్టి మంచినీళ్ళతో కడుగుతూనే ఉంటారు. ఆ నీళ్ళే స్క్రూల పక్క నుంచి కొంచెం కొంచెంగా లోపలికి దిగుతాయి.

ఫైబర్ పడవ డెక్, అంటే మనం నడిచే పైతలం, మొత్తం ఫైబర్‌తోనే ఉండదు. పైన ఒక పలుచని ఫైబర్ పొర, కింద ఇంకో పొర, నడుమ బాల్సా అనే తేలికైన మెత్తటి కట్టె గానీ ప్లైవుడ్ గానీ ఉంటుంది. అందుకే డెక్ తేలిగ్గా ఉంటూనే మనిషి బరువుకు వంగదు. కింది గదిలోకి గాలీ వెలుతురూ రావడానికి డెక్‌ను కోసి హ్యాచ్ అనే మూత బిగిస్తారు. కోసిన చోట నడుమ ఉన్న కట్టె అంచు బయటపడుతుంది. పడవ కట్టినవాళ్ళు ఆ అంచును ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) మూసి ఉంటే బాధ లేదు. పాత పడవల్లో చాలా వరకు అట్లా మూయలేదు. ఫ్రేము కింద నీళ్ళు దిగకుండా సందులు మూసే సీలెంట్ కొంచెం రాసి, స్క్రూలు కొట్టి వదిలేశారు. ఎండకు సీలెంట్ ఎండి పగిలే దాకానే దానికి ఆయుష్షు.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే నాయినకు వెంటనే అర్థమైంది. దర్వాజ నిలబెట్టే ముందు దాని కాళ్ళకు ఆయన తారు పూసేవాడు. కట్టె పక్కల కంటే కోసిన కొసల నుంచే ఎక్కువ నీళ్ళు తాగుతుంది కాబట్టి.

ఇప్పుడు చెబుతున్న పడవ బాగా పాతది. గదిలో మంచం మీద నీళ్ళు కారుతున్నాయని యజమాని తెచ్చాడు. అంతకుముందు ఎవరో మూత చుట్టూ సిలికాన్ పూసి పంపించారు. నాకు కోపం వచ్చేది ఇలాంటి పనికే. పైన సిలికాన్ పూస్తే లోపలి తడి బయటికి పోదు. పైగా సిలికాన్ మరక ఉన్నచోట ఎపాక్సీ గానీ పెయింట్ గానీ పట్టదు. దాన్ని పూర్తిగా గీకి తీయడానికే చాలా సమయం పోయింది.

డెక్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతే, గట్టిగా ఉన్నచోట ఖణ్‌మంటుంది, కుళ్ళినచోట మొద్దుగా మోగుతుంది. శబ్దం మారిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీశాం. నీళ్ళు కారుతున్న మూల ఒకటైతే, కుళ్ళు ఎక్కువగా ఉన్నది దానికి ఎదురుమూల. స్క్రూలు విప్పితే గోధుమరంగు నీళ్ళు వచ్చాయి. అనుమానం ఉన్నచోట సన్న డ్రిల్ పెట్టి చూస్తే పొట్టు నల్లగా, తడిగా వచ్చింది.

రంపం లోతును పైపొర మందానికి సరిపెట్టుకుని, కింది పొర తెగకుండా కోయాలి. లేచిన పైపొరను పారేయలేదు, మళ్ళీ పనికొస్తుంది. లోపల ఉన్నదాన్ని కట్టె అనలేం. నల్లగా గుజ్జయింది, ఉలితో గీకుతుంటే చేతికి అంటుకునేది.

ఆరబెట్టడం దగ్గర యజమానికి తొందర, ఫోర్‌మన్‌కు టెన్షన్. “ఇంత ఎండలో ఒక్కరోజు చాలదా?” అన్నారు. పగలు ఎండే, కానీ రాత్రి సముద్రపు గాలిలోని తేమ మళ్ళీ పడుతుంది. నాయినతో చెబితే, “తడి లోపల పెట్టి మూత మూస్తే అది ఊకుంటదా బిడ్డా?” అన్నాడు. పైన టార్పాలిన్ కట్టి, ఫ్యాన్ పెట్టి, ఆరిందని తేమ మీటర్ చెప్పేదాకా ఆగాలని గట్టిగా అడిగాను. ఫోర్‌మన్ మలయాళీ, పని తెలిసిన మనిషి. యజమానితో మాట్లాడి ఒప్పించాడు.

మూత ఫ్రేము కూర్చునే చోట బాల్సా పెట్టలేదు. బోల్టు బిగిస్తే అది నలిగిపోతుంది. బీఎస్ 1088 (పడవల ప్లైవుడ్‌కు బ్రిటిష్ నాణ్యతా ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ కోసి, అంచులకు ముందు పలుచని ఎపాక్సీ తాగించి, తర్వాత సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీతో అతికించాం. పైపొర తిరిగి పెట్టాక అతుకు చుట్టూ ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. పొర 3 మిల్లీమీటర్లుంటే వాలు 36 మిల్లీమీటర్లు, అంటే 12 రెట్లు. ఆ వాలు మీద గ్లాస్ ఫైబర్ గుడ్డ పరతలు పరతలుగా వేయాలి.

ఎండాకాలంలో ఎపాక్సీ పని తెల్లవారకముందే మొదలుపెడతాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి రూలు. ఎపాక్సీ అయితే అంతసేపు కూడా ఆగదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. డబ్బాలో ఎక్కువ కలిపి ఉంచితే పొగలు కక్కుతుంది, అందుకే వెడల్పాటి ట్రేలో పోసుకోవాలి.

నాతో ఉన్న హెల్పర్ జగిత్యాల వైపు పిల్లగాడు. ఉక్క పోస్తుందని గ్లవ్స్ తీసేసేవాడు. “తమ్మీ, ఎపాక్సీ ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే జన్మంతా పడదు. మళ్ళీ ఈ పనే చేయలేవు” అని గట్టిగా చెప్పాను. చర్మానికి అంటిందని థిన్నర్‌తో కడగకూడదు, అది ఎపాక్సీని ఇంకా లోపలికి దించుతుంది. సబ్బు చాలు. ఫైబర్ దుమ్ముకు మాస్క్ లేకుండా గ్రైండర్ పట్టనేకూడదు. మన దగ్గరి నుంచి అప్పు చేసి వచ్చే పిల్లలకు ఈ మాట మొదటిరోజే ఎవరన్నా చెప్పాలి.

ఇక స్క్రూ రంధ్రాలు. నా దృష్టిలో మొత్తం పనికి ప్రాణం ఇక్కడే ఉంది. కావాల్సిన దానికంటే పెద్ద రంధ్రం చేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక నడుమ స్క్రూ సైజుకు మళ్ళీ డ్రిల్ చేయాలి. రేపు సీలెంట్ ఫెయిలైనా నీళ్ళకు ఎపాక్సీయే తగులుతుంది, కట్టె తగలదు. పైఅంచును కొంచెం గిన్నెలా తొలిస్తే స్క్రూ మెడ చుట్టూ సీలెంట్ ఉంగరంలా నిలుస్తుంది.

ఫ్రేము కింద బ్యుటైల్ టేపు వేశాం, అది రబ్బరులా మెత్తగా అంటుకునే సీలెంట్ పట్టీ. పాలీయురేథేన్ జిగురు వాడలేదు, దాని పట్టు చాలా గట్టిది. మళ్ళీ ఎప్పుడన్నా విప్పాల్సి వస్తే ఫైబర్ పొరను కూడా లాక్కొస్తుంది. మూతకు ఉన్న అక్రిలిక్ అద్దం సంగతి వేరే. దానికి పాలీసల్ఫైడ్ అనే రకం సీలెంట్ పడదు, ఎసిటోన్‌తో తుడిస్తే సన్నగా చీలికలు వస్తాయి. అద్దాలకు వాడే సిలికానే వేయాలి. సిలికాన్‌కు తగిన చోటు అదే. బ్యుటైల్‌ను ఒక్కరోజే బిగించకూడదు. కొంచెం బిగించి వదిలి, మర్నాడు మళ్ళీ, అది సర్దుకున్నకొద్దీ బిగించాలి.

చివరికి పైపు పెట్టి చూశాం, కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి. ముందే పైనుంచి పోస్తే ఎక్కడ కారుతుందో తెలియదు. పిల్లగాడు లోపల టార్చి పట్టుకుని, మూలమూలకు టిష్యూ పేపర్ ఆనిస్తూ కూర్చున్నాడు. ఎక్కడా తడి లేదు. అదే పడవకు ముందువైపు ఇంకో రెండు మూతలున్నాయి, అవే స్క్రూలు, అదే కాలం పని. వాటినీ విప్పి చూస్తామంటే ఈసారి యజమాని తొందర పెట్టలేదు. ఒకదాని కింద కట్టె పొడిగానే ఉంది. రెండోదానికి ఒక మూల అప్పుడే నల్లబడుతోంది.