ఈస్టరుకి మద్దిపాడు దాకా

నాన్న పోయిన దగ్గర్నుంచి, అంటే ఏడాదిన్నరగా, రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది. లేచి కూర్చుని మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూసుకోవడం అలవాటైపోయింది. రెండుసార్లు ఈసీజీ తీయించాను. రెండోసారి డాక్టరు నవ్వి, "గ్యాస్ అండీ, రాత్రిపూట బిర్యానీ తగ్గించండి" అన్నాడు. ప్రతి ఆదివారం చర్చిలో పునరుత్థానం గురించి గొంతెత్తి పాడేవాడికి చావంటే ఇంత వణుకేమిటని నాకే సిగ్గు. ఎవరికీ చెప్పలేదు.

ఈస్టరు ముందు పెద్దత్త ఫోన్ చేసింది. "మీ నాయన రాయి మీద అక్షరాలు పోయినయ్ రా. డబ్బులు పంపిస్తానంటే ఊరుకోను, నువ్వే రా." గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఏడు మాటల ఆరాధన అయ్యాక బ్యాగు సర్దుకుని, రాత్రికి సికింద్రాబాదులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

ఒంగోల్లో దిగేసరికి ఇంకా చీకటిగానే ఉంది. పల్లెవెలుగు బస్సుకి టైముందని ఆటో మాట్లాడుకుని ప్రార్థన కొండకి వెళ్లాను. 1854 జనవరి 1న ఇలాంటి చీకట్లోనే అమెరికా బాప్టిస్టు మిషనరీలు జూయెట్ దంపతులు, నెల్లూరు నుంచి వాళ్లతో వచ్చిన ముగ్గురు తెలుగువాళ్లు ఇక్కడ మోకాళ్లూని, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, అమెరికా మిషనరీ క్లౌ దొర, వచ్చి ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు! నేనైతే పన్నెండు రోజులకే అలిగేవాణ్ణి. కొండ మీద గాలి బాగుంది. ఒకాయన సెల్‌ఫోన్లో పాటలు పెట్టుకుని వాకింగ్ చేస్తున్నాడు.

మా ఊరు మద్దిపాడు దగ్గరే. అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. "వందనాలత్తా" అన్నాను. "ఏందిరా అబ్బయా, ఇట్టా చిక్కిపోయావు" అని నా చేతిలో బ్యాగు లాక్కుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. టిఫిను కాగానే, బావ బండి మీద వెలంపల్లి ఏటిని చూసి రమ్మని పంపింది. ఊరికి ఎప్పుడొచ్చినా ఆ ఏరు చూడాల్సిందే, అది ఆమె చట్టం.

ఎండాకాలపు గుండ్లకమ్మ. ఇసుక, తుమ్మ చెట్లు, అక్కడక్కడా మడుగులు. 1878 జులై 3న ఇక్కడ 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా, వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడి ఇచ్చారు. మా తాత వాళ్ల తాత ఆ గుంపులో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ముక్క లేదు, అత్త మాటే సాక్ష్యం.

అంతకుముందు రెండేళ్లు కరువు. మాదిగపల్లెల్లో ఆకలి చావులు, వాటి మీద కలరా. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు. నాకు అన్నిటికన్నా నచ్చేది, కరువు ఉన్నన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేయడం. గింజల కోసం వచ్చారని ఎవరూ అనకూడదని. కరువు పని అయిపోయాక కూడా జనం వచ్చారు. ఆ జనానికి అంతకుముందే తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. చచ్చిన గొడ్డు మాంసం తినం, జాతర్లకి డప్పు కొట్టం అన్నందుకు నమ్మినవాళ్లని కొన్నిచోట్ల బావి దగ్గరికి రానివ్వలేదు. ఏ ఇంటి గుమ్మమూ తొక్కనివ్వని మనుషులకి "మీరు దేవుని పిల్లలు" అన్న మాట ఎలా వినబడి ఉంటుందో! ఇప్పటికీ కొన్ని ఊళ్లలో క్రైస్తవుల్లోనే మాలలకో గుడి, మాదిగలకో గుడి. సమాధుల తోటలూ వేరే. అది తలుచుకుంటే ఆ ఏటి ఒడ్డునే తల దించుకోవాలనిపించింది.

ఎండ తగ్గాక సమాధుల తోటకి బయల్దేరాం. అత్త చేతిలో సున్నం బకెట్, నా చేతిలో నల్ల పెయింటు డబ్బా. అప్పటికే సగం పల్లె అక్కడే ఉంది. కలుపు పీకేవాళ్లు, సున్నం కొట్టేవాళ్లు, బంతిపూల దండలు గుచ్చేవాళ్లు. నాన్న పాలరాయి మీద చెక్కిన గాడుల్లో రంగు పెచ్చులూడిపోయింది. పేరు తేలిగ్గానే అయింది. కింద "ప్రభువునందు నిద్రించిన తేది" దగ్గర ఇరుక్కుపోయాను. "ద్రి" కింద వత్తు గాడిలోకి బ్రష్ దూరదు. రంగు పక్కకి కారిపోతుంది, కిరోసిన్ గుడ్డతో తుడిచి మళ్లీ మొదలు. చివరికి అత్త ఒక చీపురుపుల్ల విరిచి ఇచ్చింది. రాత్రి రెండింటికి లేచి కూర్చునే నేను ఆ ఒక్క మాట మీదే అరగంట వంగి కూర్చున్నాను.

తలెత్తి చూస్తే అత్త మూలనున్న చిన్న సమాధికి సున్నం వేస్తోంది. చీమకుర్తి క్వారీ పనికొచ్చిన ఒడిశా కుర్రాడిది. చనిపోతే ఎవరూ రాలేదు, మెడలో సిలువ ఉందని మనవాళ్లే భూస్థాపన చేశారు. "వాళ్లమ్మ ఏడుందో. మన పిలగాడే కదరా, మనం వెయ్యకపోతే ఎవరేస్తారు" అంది, బ్రష్ ఆపకుండా.

తెల్లారుజామున నాలుగింటికే తోటంతా కొవ్వొత్తులు. తెల్ల చీరలు, నిద్రమొహాల పిల్లలు, తబలా, కంజీర. పాస్టరుగారు యేసు స్నేహితుడు లాజరు సమాధి గురించి చెప్పారు. ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అక్కడ కన్నీళ్లు పెట్టుకున్నాడన్నారు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ వేళ మాత్రం నాకు ఏడుపాగలేదు. అత్త నా వైపు చూడలేదు, కొంగు మాత్రం నా చేతికిచ్చింది. అప్పుడే చెప్పేశాను, రాత్రిపూట భయమేస్తోందని. "నాకెయ్యదనుకున్నావా? ఒక్కదాన్నే పడుకుంటా. భయమేస్తే లేచి వీళ్లందరి పేర్లూ వరసగా తలుచుకుంటా. సగం వరస కాకముందే నిద్ర పట్టుద్ది" అంది.

ఆరాధన కాగానే తోటలోనే టీ, పులిహోర. నాన్న సమాధి ఎక్కబోయిన పిల్లాణ్ణి అత్త గదిమి, తన టీ గ్లాసు మాత్రం దాని మీదే పెట్టుకుంది. నాన్న పక్కన ఆరడుగుల జాగా ఖాళీగా ఉంది, నాలుగు ఇటుకలు పాతి. అవి ఆమె పెట్టించుకున్నవే. అడుగున మిగిలిన సున్నాన్ని ఆ ఇటుకలకి పూసేసి, బకెట్ బోర్లించింది.

"ఆ పెయింటు డబ్బా మూత గట్టిగా బిగించు. ఎండిపోతే వచ్చే ఏడు మళ్లీ కొనాలి."